తీగకూ మెట్టుకూ నడుమ

మా నాయన తంబుర మీటే ముందు, తీగలను మోసే గుర్రం మీద సన్నని నూలుపోగును అటూ ఇటూ జరిపి చూసేవాడు. పోగు సరైన చోటికి రాగానే తీగ జుమ్మనేది. "ఇగో, పానం వచ్చింది" అనేవాడు. ఆ జుమ్మనడం కోసమే అంత పాటు. ఇన్నేళ్లకు అదే జనవాడ ఇంట్లో కూర్చొని, తీగ జుమ్మనకుండా చేయడానికి నేను రెండు రాత్రులు నిద్ర చెడగొట్టుకున్నాను.

ఎలక్ట్రిక్ గిటారు మా అమ్మాయిది. 1954లో ఫెండర్ కంపెనీ తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు నకలు. హైదరాబాదులో సెకండ్‌హ్యాండులో కొన్నాం. తీగలు మెట్లకు మరీ ఎత్తున ఉన్నాయి. నొక్కి నొక్కి పిల్ల వేళ్లు కందిపోయాయి. "నాతోని కాదు నాయినా, అమ్మేద్దాం" అన్నది. బడిలో కన్నడం, బజారులో దక్కనీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల. నాతో కాదని ఏ భాషలోనూ అనగా నేను అంతకుముందు వినలేదు.

బ్రిడ్జి మీద ఆరు తీగలకు ఆరు చిన్న గుర్రాలు, ఒక్కోదానికి రెండేసి మరలు. అల్లెన్ కీతో అన్నీ దించేశాను. నొక్కడం తేలికైంది గానీ, పైమెట్లలో ప్రతి స్వరమూ జిర్రుమంది. ఎత్తితే వేళ్లకు నొప్పి, దించితే చెవికి నొప్పి.

తప్పు బ్రిడ్జిది కాదని రెండో రాత్రి తెలిసింది. తీగల బిగువుకు గిటారు మెడ ముందుకు వంగి, నడుమ పల్లమైంది. లావు తీగను మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా నొక్కిపట్టి, ఎనిమిదో మెట్టు మీది సందు చూడాలి. పావు మిల్లీమీటరు ఉంటే చాలు. కొలవడం దేనితో? తెగిపోయిన పదో నంబరు సన్నతీగ మందం ఇంచుమించు అంతే. ఆ ముక్క సందులో వదులుగా ఆడింది. మెడ లోపలి ఇనుపకడ్డీని పావుచుట్టు బిగించి, శ్రుతి చేసి, మళ్లీ చూశాను. ఇంకో పావుచుట్టు. ఈసారి ముక్క తాకీ తాకకుండా దూరింది.

అప్పుడు బ్రిడ్జిని కొద్దికొద్దిగా సవరించాను. పన్నెండో మెట్టు మీద లావు తీగ కింద రెండు మిల్లీమీటర్లు, సన్నతీగ కింద ఒకటిన్నర. లావు తీగ ఎక్కువ ఊగుతుంది, దానికి చోటు ఎక్కువ కావాలి. నడిమి తీగలు మెట్ల గుండ్రదనాన్ని బట్టి. మర తిప్పినప్పుడల్లా శ్రుతి చేసి, ప్రతి మెట్టూ మీటి చూశాను.

పొద్దున పిల్ల వాయించింది. గట్టిగా కొట్టినప్పుడు లావు తీగ కొంచెం జిర్రుమన్నది. స్పీకరులో మాత్రం వినపడలేదు.

"ఇంక జర ఎత్తాల్నా?" అన్నాను.

"వద్దు నాయినా, నేనే మెల్లగ కొడ్త."

అమ్మే మాట మళ్లీ రాలేదు. మా బీదరు ఎండలకూ వానలకూ కర్ర ఎట్లాగూ కదులుతుంది. అందుకని అల్లెన్ కీని, ఆ తెగిన తీగముక్కను నాయన తంబుర పక్కన గూట్లోనే పెట్టాను.