ఇంటి పూర్వచరిత్ర కూడా అడగాలి

నలభై ఏళ్లు వైద్యవృత్తిలో గడిపిన నేను, నా మనవడి విషయంలో అడగవలసిన ప్రశ్నను ఆలస్యంగా అడిగాను. ఆ పొరపాటు మీకైనా ఉపయోగపడాలని ఈ నాలుగు మాటలు.

కాలిఫోర్నియాలో మా అబ్బాయి అద్దెకు తీసుకున్న ఇల్లు చూడముచ్చటగా ఉండేది. కొత్త రంగులు, తక్కువ అద్దె. మేము వెళ్లిన కొద్దిరోజులకే, పాకే వయసులో ఉన్న పసివాడికి పొడిదగ్గు, కళ్ల ఎరుపు మొదలయ్యాయి. చలిగాలి ప్రభావం అన్నాను. వాడు ఏం తిన్నాడో అడిగాను గాని, ఏ నేల మీద పాకుతున్నాడో ఆలోచించలేదు. చివరకు పొరుగింటి పెద్దావిడ చెప్పింది: కొన్నేళ్ల క్రితం ఆ ఇంట్లో మెథాంఫెటమిన్ అనే మాదకద్రవ్యం దొంగచాటుగా తయారుచేసేవారట.

ఆ తయారీలో లేచే ఆవిరులు గోడలకు, తివాచీలకు, ఏసీ గొట్టాలకు అంటుకుని ఏళ్ల తరబడి నిలిచిపోగలవు. పైన రంగు వేసినంత మాత్రాన అవి పోవు. నేల మీద పాకి, అవే చేతులు నోట్లో పెట్టుకునే పసివారికి ముప్పు ఎక్కువ.

గోడల మీద పసుపు మరకలు, సింకులో రసాయనాల చారలు, ఘాటైన వాసన, పొగను పసిగట్టే పరికరాలు ఊడదీసి ఉండటం, పెరట్లో కాలిన మచ్చలు, అక్కడక్కడ ఎండిన గడ్డి కనిపిస్తే అనుమానించండి. అయితే ఇవేవీ రుజువులు కావు. ఏ జాడా లేకుండానూ కాలుష్యం ఉండవచ్చు. గోడలను తుడిచి తీసిన నమూనాను ప్రయోగశాలలో పరీక్షిస్తేనే నిజం తేలుతుంది. కాలిఫోర్నియాలో శుభ్రపరచిన ఇంట్లో వంద చదరపు సెంటీమీటర్లకు 1.5 మైక్రోగ్రాములకు మించి మెథాంఫెటమిన్ ఉండరాదు.

మా ఇంటి నమూనాలో అంతకు మించి ఉందని తేలింది. వెంటనే ఇల్లు మారాం. పిల్లవాడి గుడ్డబొమ్మలు కూడా వెంట తీసుకెళ్లలేదు. దగ్గు తగ్గింది. దానికి ఆ ఇల్లే కారణమని వైద్యుడిగా నేను నిరూపించలేను, కాదనీ చెప్పలేను.

అమెరికాలో ఉన్న మీ పిల్లలు ఇల్లు వెతుకుతుంటే ఒక మాట చెప్పండి. యజమానిని నేరుగా అడగమనండి, ఇరుగుపొరుగును పలకరించమనండి. డీఈఏ సంస్థ చిరునామాల జాబితా ఒకటి ఉంది. కాని అందులో అధికారుల దృష్టికి వచ్చినవే ఉంటాయి. అనుమానం ఉన్న ఇంటిని సొంతంగా కడగవద్దు, ఆ పని శిక్షణ పొందినవారిది.

రోగి పూర్వచరిత్ర అడగకుండా మందు రాయము కదా. ఇంటి విషయంలోనూ అంతే.