మునిగిన ఓడలు, ముంచిన ఓడలు

తెలుగు బడిలో ఒక శనివారం క్రియలు చెబుతూ బోర్డు మీద రెండు వాక్యాలు రాశాం: "ఓడ మునిగింది." "ఓడను ముంచారు." వెంటనే ఒక పిల్లవాడు చెయ్యెత్తి, "అంకుల్, ఎవరైనా కావాలని ఓడను ముంచుతారా?" అని అడిగాడు. ముంచుతారు. మన క్వీన్స్‌లాండ్‌లోనే ప్రభుత్వం పూనుకుని ముంచిన ఓడలు చాలా ఉన్నాయి. చెబితే నమ్మేటట్లు లేరని నాలుగు కుటుంబాలం కలిసి పిల్లల్ని టాంగలూమా తీసుకువెళ్ళాం.

బ్రిస్బేన్ నుంచి ఫెర్రీలో గంటంపావు ప్రయాణం. మోర్టన్ దీవి అది. అక్కడి క్వాండమూకా ఆదివాసులు ముల్గుంపిన్ అంటారు, ఇసుక కొండల చోటని అర్థం. 1952 నుంచి 1962 వరకు అక్కడ తిమింగలాల్ని వేటాడి నూనె తీసే కేంద్రం నడిచింది. అది మూతపడ్డ మరుసటి ఏడు, 1963 నుంచి, పాత డ్రెడ్జర్లనీ బార్జీలనీ ఒడ్డుకు దగ్గరగా వరసగా ముంచుతూ వచ్చారు. మొత్తం పదిహేను. చిన్న పడవలు లంగరేసుకోవటానికి అలల తాకిడి లేని చోటు కావాలని చేసిన పని అది, చేపల కోసం కాదు. చేపలు పిలవకుండానే వచ్చి కాపురం పెట్టాయి. వట్టి ఇసుక నేల మీద నాచుకీ, స్పంజికీ, పగడాలకీ పట్టు దొరకదు. ఇనుము దొరికితే అతుక్కుంటాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు. మన ఊళ్ళో రోడ్డు మీద ఒక టీకొట్టు పెడితే పక్కన పాన్‌షాపు, సైకిల్ షాపు, చివరికి బస్టాపు వచ్చినట్లు!

ఓడల కొసలు నీటి పైకి కనిపిస్తూనే ఉంటాయి. మాస్కు, గొట్టం, కాళ్ళకు ఫిన్స్ ఉంటే చాలు. కాకపోతే అక్కడ ప్రవాహం గట్టిగా లాగుతుంది. ఆటూ పోటూ మారే మధ్య నీరు నిలకడగా ఉండే కాసేపు చూసుకుని దిగాలి. గైడు వెంట పిల్లలు బాతుల్లా దిగారు. పెద్దవాళ్ళం ఒడ్డున గొడుగు కింద పులిహోర డబ్బాలకు కాపలా కాశాం.

మాలో ఈత వచ్చినది ఒక్కరికే, అదీ బందరు కాలవలో నేర్చిన ఈత. మిగిలిన వాళ్ళం "చెరువు దగ్గరికి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్న మాట విని పెరిగి, ఎంసెట్ రాసి, ఇంజనీర్లమయ్యాం. ఆ మాట తప్పని అనం. ఆ ఊరికి, ఆ చెరువుకి అదే సరైన మాట. కాని ఈ దేశంలో ఏ సెలవు వచ్చినా నీళ్ళ దగ్గరికే ప్రయాణం. 2024 జూలైలో మన రాష్ట్రపు ఉత్తర భాగంలో, మిల్లా మిల్లా జలపాతం దగ్గర, ఇద్దరు తెలుగు యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వారం మా ఇళ్ళల్లో ఎవరికీ అన్నం సయించలేదు. పిల్లల్ని నీళ్ళకు దూరంగా ఉంచుదామా, మనమే నీటి సంగతి నేర్చుకుందామా అని చాలా రాత్రులు మాట్లాడుకున్నాం. ఆఖరికి నలుగురు నాన్నలం ఈతకొలనులో చేరాం. పక్క లేనులో అయిదేళ్ళ పిల్లలు, మాకంటే వేగంగా.

ఈత తర్వాత డాక్టరు పరీక్ష, స్కూబా ప్రాథమిక కోర్సు. అప్పుడు పెద్ద ఓడ దగ్గరికి వెళ్ళాం.

పిల్లలూ, వైజాగ్ వెళ్ళినప్పుడు మీరు ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కే ఉంటారు. అది 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించుకుని, 2002లో ఇసుక మీద మ్యూజియం అయింది. మన బ్రిస్బేన్ పేరు పెట్టుకున్న యుద్ధనౌక హెచ్.ఎం.ఎ.ఎస్. బ్రిస్బేన్ 1967లో చేరి, వియత్నాం, గల్ఫ్ యుద్ధాలు చూసి, అదే 2001లో, అక్టోబరులో రిటైరయింది. నీటి కింద తిరిగినదాన్ని మనవాళ్ళు ఒడ్డుకెక్కించారు, నీటి మీద తిరిగినదాన్ని వీళ్ళు అడుగుకు పంపారు. ఈ సంగతి ఫోన్లో చెబితే కాకినాడలో ఉన్న అమ్మమ్మగారు, "అంత ఇనుము! పాత సామాన్ల వాడికి వేసినా డబ్బులొచ్చేవి కదర్రా" అన్నారు.

పంపే ముందు చేసిన పని తక్కువేం కాదు. నూనె, వైర్లు, సముద్రానికి హాని చేసే పదార్థాలు తీసేశారు. వెలుతురు రావటానికీ డైవర్లు బయటపడటానికీ గోడలకు దారులు కోశారు. ఓడను నడిపే బ్రిడ్జిని కాన్‌బెర్రాలోని యుద్ధ స్మారక మ్యూజియానికి ఇచ్చారు. 2005 జూలై 31న మూలూలాబా దగ్గర పేలుళ్ళతో అడుగున రంధ్రాలు చేస్తే, 133 మీటర్ల ఓడ మూడు నిమిషాల లోపే దిగి ఇసుక మీద నిటారుగా కూర్చుంది. అడుగు దాదాపు 28 మీటర్ల లోతున ఉన్నా, పొగగొట్టాల కొసలు పైనుంచి కొద్ది మీటర్లలోనే ఉన్నాయి. కొత్తవాళ్ళకు అనువు అందుకే. ప్రాథమిక కోర్సు చేసినవాళ్ళు 18 మీటర్లు దాటకూడదు. పై అంతస్తులు ఆ లోపే కనిపిస్తాయి. లోపలి గదుల్లో దూరటానికి వేరే శిక్షణ కావాలి. మేము దూరలేదు.

పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది ఊపిరితిత్తుల్లో ఉబ్బుతుంది. అందుకే ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు, పైకి మెల్లగా రావాలి. బొటనవేలు ఎత్తితే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని అర్థం. మాలో ఒకరికి చెవుల్లో ఒత్తిడి సర్దుకోలేదు. ఆయన వేలెత్తారు, గైడు మారుమాట లేకుండా పైకి తీసుకువెళ్ళాడు. అంత డబ్బు కట్టి వెనక్కి తిరగటం మనవాళ్ళకు ప్రాణసంకటమే. ఆ రోజు అందరిలోకీ బాగా డైవ్ చేసింది ఆయనేనని మా అభిప్రాయం. మిగిలిన వాళ్ళం పొగగొట్టం చుట్టూ చిల్లర నాణేలు వెదజల్లినట్లున్న చేపల్ని, రేకు మీద పరుచుకున్న ఎరుపు, పసుపు, ఊదా రంగుల్ని చూశాం. ఒక తాబేలు మమ్మల్ని చూసీ చూడనట్లు పోయింది. నలుగురు తెలుగువాళ్ళం అరగంట సేపు మాట్లాడకుండా ఉన్న సందర్భం కూడా అదొక్కటే.

ఇక మునిగిన ఓడ. 1911 మార్చి 23న టౌన్స్‌విల్ దగ్గరి సముద్రంలో, తుఫానులో, ఎస్.ఎస్. యొంగాలా 122 మందితో మాయమైంది. ఒక్కరూ బతకలేదు. శిథిలం అదేనని తేలటానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు దాన్నిండా పగడాలే, ప్రపంచం నలుమూలల నుంచి డైవర్లు వస్తారు. కాని లోపలికి వెళ్ళకూడదని చట్టం. ఫోటోల్లో చూస్తే రెండు ఓడల మీదా ఒకటే చేపలు, ఒకటే రంగులు. తేడా మన క్రియల్లో ఉంది. "ముంచారు" అంటే ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నీ కాగితం మీద ఉంటాయి. "మునిగింది" అన్నప్పుడు లోపల మనుషులున్నారా అని ముందు అడగాలి. వైజాగ్ ఎదుట సముద్రంలో 1971 డిసెంబరు నుంచి పడి ఉన్న ఘాజీ జలాంతర్గామిని మనవాళ్ళు ముంచామంటారు, పాకిస్తాన్ వాళ్ళు ప్రమాదంలో మునిగిందంటారు. ఎవరి క్రియ వాళ్ళది. శత్రువులదే అయినా లోపల ఉన్నవాళ్ళకు అది సమాధే.

ఈ సంగతి చెప్పిన రోజున క్లాసులో ఎవరూ అల్లరి చేయలేదు. ఒక అమ్మాయి మాత్రం, "పెద్దయ్యాక యొంగాలా చూస్తాను, ఏదీ ముట్టుకోను" అంది. వాళ్ళమ్మ మా వైపు చూసిన చూపు ఇక్కడ రాయం.

వచ్చే టర్ము నుంచి శనివారం బడి అయ్యాక పెద్దలకు ఈత క్లాసు మొదలవుతుంది. ఇప్పటికి పదకొండుమంది నాన్నలు, ఆరుగురు అమ్మలు, ఊరి నుంచి వచ్చిన ఒక తాతగారు పేర్లిచ్చారు. టోపీ, కళ్ళజోడు, తువ్వాలు ఎవరివి వారే తెచ్చుకోవాలి. ఫలహారం సంగతి మేము చూసుకుంటాం.