పది ఎలక్ట్రాన్ల పంపకం

రసాయన బంధాల పాఠం ఎక్కడ మొదలైనా ముందుగా వచ్చేవి నీరు, మీథేన్, కార్బన్ డయాక్సైడ్. కార్బన్ వేలన్సీ నాలుగు, ఆక్సిజన్ వేలన్సీ రెండు, అంతే, గీతలు గీసేయొచ్చు. నా మట్టుకు నాకు ఆ పాఠాన్ని కార్బన్ మోనాక్సైడ్‌తో మొదలుపెట్టాలని ఉంటుంది. అందులో ఉన్నవి రెండే పరమాణువులు. అయినా నాలుగూ రెండూ అనే లెక్క దాని ముందు నిలవదు. బంధమంటే ఏమిటో మొదటినుంచీ ఆలోచించక తప్పదు.

1916లో గిల్బర్ట్ లూయిస్ చూపిన దారిలోనే వెళ్దాం. కార్బన్, ఆక్సిజన్ గుర్తులు పక్కపక్కన రాసుకుని చుట్టూ చుక్కలు పెట్టాలి. బయటి కక్ష్యలో కార్బన్‌కి నాలుగు, ఆక్సిజన్‌కి ఆరు, మొత్తం పది ఎలక్ట్రాన్లు. మధ్యలో ఒక జంట పెడితే ఎనిమిది మిగిలాయి. ఎలక్ట్రాన్ల మీద ఆశ ఆక్సిజన్‌కే ఎక్కువ కాబట్టి మూడు జంటలు దాని చుట్టూ పేర్చి, ఆఖరి జంట కార్బన్‌కిద్దాం. ఆక్సిజన్‌కి ఎనిమిదీ నిండాయి. కార్బన్‌కి వచ్చినవి నాలుగే. ఆక్సిజన్ దగ్గరి జంటనొకదాన్ని మధ్యకి జరిపితే ద్విబంధం అవుతుంది, కార్బన్‌కి ఆరొస్తాయి. చాలామంది పిల్లల పెన్ను ఇక్కడే ఆగుతుంది. ఆక్సిజన్ రెండుకి మించి బంధాలు పెట్టుకోదని వాళ్లకు ఎప్పుడో బలంగా నాటుకుపోయింది మరి. ఆగకుండా ఇంకో జంటనూ జరపాలి. అప్పుడు త్రిబంధం ఏర్పడి ఇద్దరికీ ఎనిమిదేసి సరిపోతాయి, చెరొక ఒంటరి జంటా మిగులుతుంది.

ఇక ఫార్మల్ ఆవేశం చూడాలి. బంధంలోని ఆరు ఎలక్ట్రాన్లను చెరిసగం పంచితే, నాలుగు తెచ్చిన కార్బన్‌కి ఐదు దక్కాయి. అంటే మైనస్ ఒకటి. ఆరు తెచ్చిన ఆక్సిజన్‌కీ ఐదే దక్కాయి. అంటే ప్లస్ ఒకటి. ఆక్సిజన్ మీద ధనావేశమా! లెక్క తప్పిందేమోనని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనిపించడం మంచిదే, ఎందుకంటే ఇకమీదట కాగితాన్ని వదిలి కొలతల దగ్గరికి వెళ్లాలి.

కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య ఏకబంధం పొడవు ఆల్కహాల్‌లో సుమారు 1.43 ఆంగ్‌స్ట్రాములు. ఫార్మాల్డిహైడ్‌లోని ద్విబంధం 1.21. కార్బన్ మోనాక్సైడ్‌లో అది 1.13కి తగ్గిపోయింది. త్రిబంధానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? దాన్ని తెంచాలంటే మోల్‌కి 1072 కిలోజౌళ్లు ఖర్చుపెట్టాలి, నైట్రోజన్ త్రిబంధానికి పట్టే 945 కంటే ఎక్కువ. ఆవేశాల సంగతి ఇంకా ఆసక్తికరం. అణువులో ఆవేశాలు ఎంత ఎడమయ్యాయో చెప్పే ద్విధ్రువ భ్రామకం నీటికి 1.85 డిబై కాగా దీనికి 0.11 మాత్రమే. చెరిసగం అనుకున్నది లెక్క కోసం. నిజంలో ఆక్సిజన్ ఆ మూడు జంటలనూ తనవైపు లాక్కుని ధనావేశాన్ని దాదాపు పూర్తిగా తీర్చేసుకుంటుంది. మిగిలిన ఆ కాస్త తేడాలో మాత్రం ఋణ కొస కార్బన్ వైపే ఉంది. చుక్కలు చెప్పిన దిశ నిజమే.

నైట్రోజన్ అణువుకీ బయటి ఎలక్ట్రాన్లు పదే. ఈ పోలికను 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఎత్తిచూపాడు. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ మైనస్ 191.5 దగ్గర. గాలిలో 78 శాతం ఉన్న నైట్రోజన్‌ని పుట్టిన దగ్గర్నుంచీ పీలుస్తూనే ఉన్నాం. అదే బొమ్మ ఉన్న రెండోది ప్రాణం తీస్తుంది. ఎందుకలా? నైట్రోజన్‌తో పోలిస్తే కార్బన్ కేంద్రకం పట్టు సడలు. అందువల్ల దాని ఒంటరి జంట బయటికి బాగా చాచుకుని, ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. లోహ పరమాణువు ఎదురైతే కార్బన్ కొసతోనే అంటుకుంటుంది. లోహం కూడా తన ఎలక్ట్రాన్లను కొంత వెనక్కిచ్చి ఆ పట్టును బిగిస్తుంది.

లుడ్విగ్ మాండ్, ఆయన సహచరులు 1890లో ప్రకటించిన నికెల్ కార్బొనిల్ ఇలా పుట్టిందే. నాలుగు కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఒక నికెల్ పరమాణువును పట్టుకుంటే, అంత గట్టి లోహమూ 43 డిగ్రీలకే మరిగే ద్రవమైపోతుంది. ఆ ఆవిరిని ఇంకా వేడిచేస్తే విడిపోయి శుద్ధమైన నికెల్ మిగులుతుంది. మాండ్ దాన్నే పరిశ్రమగా మలిచాడు.

మన నెత్తుటి హీమోగ్లోబిన్‌లో ఉన్నదీ లోహమే, ఇనుము. ఆక్సిజన్‌తో పోలిస్తే దాని మీద కార్బన్ మోనాక్సైడ్ పట్టు రెండు వందల రెట్లకు పైమాటే. చలికాలం తలుపులన్నీ బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా, మూసిన చోట జనరేటర్ నడిపినా వచ్చే ప్రమాదం ఇదే. వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మగత కనిపిస్తే ముందు మనిషిని ఆరుబయటికి తేవాలి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఇనుముకీ కార్బన్‌కీ మధ్య ముడి గట్టిదే కానీ విడిపోనిది కాదు. అందుకే వైద్యులు మాస్కుతో శుద్ధమైన ఆక్సిజన్ ఎక్కిస్తారు. ఆక్సిజన్ గుంపుగా వచ్చిపడితే కార్బన్ మోనాక్సైడ్ ఒక్కో ఇనుప పరమాణువునూ వదిలి, ఊపిరితో పాటు బయటికి పోతుంది.