చంపిందెవరు, దయ్యాలా?

"సార్, హాలోవీన్‌కి గోల్కొండ పోదాం. చీకటి పడితే తారామతి గజ్జెల చప్పుడు వినపడుతుందట!" అన్నారు మా కాలేజీ పిల్లలు.

మా తాత ఊరందరికీ బొందలు తవ్వినోడు. బొందలగడ్డలో రాత్రిపూట ఒక్కడే ఉన్నా ఏ దయ్యానికీ జడవలేదు. తెల్లారి కూలి అడగడానికి దొర గడప ముందు నిలబడాలంటేనే ఆయన కాళ్లు వణికేవి.

"చుండూరు పోదాం" అన్నాను. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని వేటాడి చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. మనవాళ్లు వాళ్లను ఊరి నడుమ పూడ్చి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది.

మరి చంపిందెవరు?

ఎవరూ నవ్వలేదు. "ఎప్పుడు పోదాం సార్?" అని అడిగిందొక అమ్మాయి.