అద్దంకి: పట్నమైన ఊళ్ళో పనేది?



పోయిన భాగంలో కారంచేడు నుంచి చీరాల దాకా వచ్చాం. 1985 జులై 17 తర్వాత మనవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పట్నం వైపే ఎందుకు పరుగెత్తారో మాట్లాడుకున్నాం. ఈసారి మా అద్దంకి గురించి రాస్తున్నాను. అద్దంకి పల్లెటూరూ కాదు, పట్నమూ కాదు. మనలో చాలామందిది ఇలాంటి ఊరే.

ఒంగోలు నుంచి సుమారు 40 కిలోమీటర్లు. మేదరమెట్ల దగ్గర చెన్నై–కలకత్తా రోడ్డు వదిలి లోపలికి రావాలి. అక్కడి నుంచి నరసరావుపేట, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి దాకా పోయే రోడ్డుకు మా ఊరి పేరే ఉంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ మా ఊరి పక్కనే పారి సముద్రంలో కలుస్తుంది. సాగర్ కుడికాలువలో ఒక శాఖ పేరు అద్దంకి బ్రాంచి కాలువ. చుట్టూ పొగాకు, మిర్చి, కంది, పత్తి, కాలువ అందిన చోట వరి. బల్లికురవ, మార్టూరు వైపు పోతే గ్రానైట్ క్వారీలు. పొద్దున్నే బస్టాండులో దిగితే ముందు కనపడేది కూలి ఆటోలు, తర్వాత రాయి లారీలు.

జిల్లా మాత్రం మారుతూనే ఉంది. ఒకప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మమ్మల్ని బాపట్ల జిల్లాలో కలిపారు. మా అమ్మ తన జీవితంలో చూసిన జిల్లాలు ఇన్ని. చేసిన పని మాత్రం ఒక్కటే, కూలి.

నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. కాబట్టి అద్దంకి అనగానే నా విద్యార్థులు రాసే జవాబు నాకు ముందే తెలుసు: పండరంగని శాసనం, సుమారు క్రీ.శ. 848, తూర్పు చాళుక్యుల గుణగ విజయాదిత్యుడి కాలం, తరువోజ పద్యం, నన్నయకు 200 ఏళ్ళ ముందటి తెలుగు. ఇంకొంచెం చదివినవాళ్ళు ప్రోలయ వేమారెడ్డికి అద్దంకి రాజధాని అనీ, ఎర్రన ఆయన ఆస్థాన కవి అనీ కూడా రాస్తారు. అందులో తప్పేమీ లేదు, మార్కులు వేస్తాను.

కానీ ఆ పద్యంలో ఏముందని అడిగితే క్లాసు నిశ్శబ్దమైపోతుంది. పండరంగడనే సేనాని పన్నెండు బోయ కొట్టాలను పట్టుకున్నాడనీ, ఒక కోటను నేలమట్టం చేశాడనీ ఉంది. పద్యం అయ్యాక వచనంలో దానం సంగతి ఉంది. 80 పుట్ల నేల ఒక భటారుడికి ఇచ్చినట్టు చెక్కారు. అంటే మనం తొలి తెలుగు పద్యమని మురిసిపోయేది, బోయల స్థావరాలను ఎలా లాక్కున్నారో చెప్పే పద్యం. దాని కిందే ఉంది భూమి పత్రం. గెలిచినవాడి పేరు ఉంది, భూమి పుచ్చుకున్నవాడి పేరు ఉంది. ఆ 80 పుట్ల నేల దున్నింది ఎవరో లేదు. ఓడిన బోయల వారసులు ఇవాళ కూడా ఆంధ్రలో ఏజెన్సీలో ఉంటే ఎస్టీ, మైదానంలో ఉంటే బీసీ.

ఛందస్సు చెప్పేటప్పుడు ఇదంతా ఎందుకు సార్ అని ఒక పిల్లవాడు అడిగాడు. ఒక ఊరి గురించి రాసేవాడు ఎవరిని లెక్కలోకి తీసుకున్నాడో చూడటం కూడా సాహిత్యం చదవడమే అన్నాను. ఆ చూపుతోనే రాయి మీది రాత పక్కన పెట్టి ఇప్పటి కాగితం చదువుదాం.

అద్దంకి ఇప్పుడు నగర పంచాయతీ. రాజ్యాంగంలో 243క్యూ అధికరణం తెరిచి చూడండి. నగర పంచాయతీ అంటే పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతం. అలా ప్రకటించే ముందు జనాభా, జనసాంద్రత, వచ్చే రాబడి, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవాళ్ళ శాతం, ఆర్థిక ప్రాముఖ్యం చూడాలి. చదవడానికి బాగానే ఉంది. మరి మారుతున్న ఊళ్ళో ఎవరు మారారు? మెయిన్ రోడ్డు మారింది. షాపులు, బ్యాంకులు, ప్రైవేటు స్కూళ్ళు వచ్చాయి. సెంటు ధర పెరిగింది. మా వాడలో ఆడవాళ్ళు మాత్రం తెల్లారకముందే క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కి కొరిశపాడు, పంగులూరు, ముండ్లమూరు వైపు పొలాలకే పోతున్నారు. ఉండేది పట్నంలో, పని చేసేది పల్లెలో.

జనగణన వాళ్ళకు ఇంకో లెక్క ఉంది. ప్రభుత్వం పట్టణమని ప్రకటించని ఊరిని వాళ్ళు పట్టణం కింద రాసుకోవాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్ళలో 75 శాతం వ్యవసాయం బయట ఉండాలి. మగవాళ్ళలో! నగర పంచాయతీకి ఈ లెక్కతో పని లేదు, నిజమే. కానీ ప్రభుత్వం చూపు ఎటుందో ఇది చెబుతుంది. మొగుడు తాపీపనికో, ఆటో తోలడానికో, క్వారీకో పోతే ఊరు పట్నమైపోయినట్టే. పెళ్ళాం మిరపకాయలు కోస్తున్నా, పొగాకు గుచ్చుతున్నా ఆమె ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హామీ ఇచ్చింది. గ్రామీణ ప్రాంతం అంటే ఏమిటో ఆ చట్టమే చెప్పింది: పట్టణ స్థానిక సంస్థ పరిధిలో ఉన్న ప్రాంతం గ్రామీణం కాదు. అంతే, ఒక్క వాక్యం. ఆఫీసు మీద నగర పంచాయతీ బోర్డు ఎక్కగానే, కింద వాడలో జాబ్ కార్డు చిత్తు కాగితమైపోయింది.

మా అమ్మ కార్డు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. మొదట్లో ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆఫీసుకు పోతే, "ఇప్పుడు మీది పట్నం అయిందమ్మా, ఇక పని రాదు" అన్నారంట. ఇంటికొచ్చి నన్నడిగింది: "పట్నపోళ్ళం అయ్యామంటున్నారు గదరా, మరి పట్నంలో పనేది?" నాకు పీహెచ్‌డీ ఉంది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు.

100 రోజులు అంటే డబ్బు ఒక్కటే కాదని కూలి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు తెలుసు. ఎండాకాలం పొలంలో పని లేని నెలల్లో అది ఆసరా. అంతకంటే పెద్ద సంగతి, ఆసామి దగ్గర బేరం. "ఈ కూలికి రాను, కరువు పనికి పోతా" అని ఒక మాదిగ ఆడమనిషి అనగలగడం చిన్న విషయం కాదు. ఆ మాట మా వాడ నోట్లోంచి పోయింది. పక్క పంచాయతీలో ఉన్న చెల్లెలికి ఆ హక్కు ఉంది. నాలుగు కిలోమీటర్ల ఇవతలున్న అక్కకు లేదు. ఇద్దరూ ఒకే చేలో, ఒకే వరసలో కలుపు తీస్తారు.

పట్నం మా వాడకు ఇచ్చిన కొత్త పని ఒకటుంది, చీపురు. తెల్లవారుజామున మెయిన్ రోడ్డు ఊడ్చేవాళ్ళను, కాలవల్లో పూడిక తీసేవాళ్ళను, చెత్త బండి తోసేవాళ్ళను చూడండి. వాళ్ళ కులం మీరు అడగనక్కర్లేదు. వాళ్ళ కొలువు పర్మినెంటూ కాదు. ఊరు పేరు మార్చుకుంది, పని పంపకం మార్చుకోలేదు.

"అన్నా, అంబేడ్కర్ పల్లెను వదలమన్నాడు కదా, ఊరు పట్నమైతే నీకు బాధెందుకు?" అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. మంచి ప్రశ్న. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ పల్లెను గొప్ప చేసి మాట్లాడేవాళ్ళను కడిగేశాడు. నేనూ ఆ మాటకే కట్టుబడి ఉన్నాను. మళ్ళీ పల్లెను చెయ్యమని నేను అడగడం లేదు. బస్టాండు హోటల్లో ఎవరి గ్లాసు ఎవరిదో తెలియకుండా టీ తాగడం మా తాతకు దొరకలేదు, నాకు దొరికింది. కౌన్సిల్లో ఎస్సీలకూ మహిళలకూ రిజర్వుడు వార్డులున్నాయి. 2021 మార్చిలో మా వాడ కూడా ఓటేసింది. ఇవన్నీ కావాలి. కానీ అద్దెకు ఇల్లడిగితే ఇంటిపేరు అడిగి, తర్వాత ఏ చర్చికి పోతారని ఆరా తీసేది కూడా ఈ పట్నమే. అంబేడ్కర్ పట్నం పొమ్మన్నది మనిషికి కులంతో పని లేని బతుకుతెరువు దొరుకుతుందని. ఆ బతుకుతెరువు ఇవ్వకుండా పన్ను రసీదు మాత్రం ఇస్తే దాన్ని పట్నం అనలేం.

దారి లేదా అంటే ఉంది. కేరళలో 2010లో పట్టణ కుటుంబాలకు కూడా 100 రోజుల పని పథకం తెచ్చారు. దానికి పెట్టిన పేరు అయ్యంకాళి. పులయ పిల్లలకు బడి తలుపు తెరవకపోతే పొలంలో దిగమని కూలీల చేత పని ఆపించిన మనిషి ఆయన. కూలి ఆపడమే ఆయుధంగా చేసుకున్న నాయకుడి పేరు ఆ పథకానికి పెట్టారంటే, అడిగే జనం ఉన్నారు కాబట్టే.

మన దగ్గర అడగాల్సినవి రెండు. ఒకటి, పట్టణ ఉపాధి హామీ చట్టం. రెండు, అది వచ్చేదాకా, రాజ్యాంగమే "మారుతున్న ప్రాంతం" అంటున్న నగర పంచాయతీల్లో వ్యవసాయ కూలీల పని హక్కు తీసేయకూడదు. మారడం పూర్తి కాకముందే హక్కు పూర్తిగా పోవడం ఏం న్యాయం?

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాను. మీ ఊరు నగర పంచాయతీగానో, మున్సిపాలిటీగానో మారి ఉంటే, ఈ సెలవుల్లో మీ వాడలో ఇల్లిల్లూ తిరగండి. పాత జాబ్ కార్డులు ఎన్ని ఉన్నాయో, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఇవాళ ఏ ఊరి పొలానికి, ఎంత కూలికి పోతున్నారో, ఆటోకు ఎంత పోతుందో నోట్‌బుక్కులో పేర్లతో సహా రాయండి. ఆ పేర్లు బయట ఎక్కడా పెట్టవద్దు. లెక్క మాత్రం మీ వార్డు కౌన్సిలర్ చేత కౌన్సిల్ సమావేశంలో చదివించండి, మినిట్స్‌లో ఎక్కించండి.

1,100 ఏళ్ళ కిందట రాయి మీద మన పని రాయలేదు. ఈసారి మినిట్స్ పుస్తకంలోనైనా ఉండాలి.

జై భీమ్.