రేకు తీసే చెయ్యి

పండక్కో, పెళ్ళికో, గోదావరి వైపు నుంచి చుట్టాలు వచ్చినప్పుడో ఒక పూతరేకుల పెట్టె మన ఇంటికి చేరుతుంది. ఈసారి తినేముందు ఒక్క రేకును వెలుతురుకి పట్టి చూడండి. అవతలున్న మీ వేళ్ళు లీలగా కనిపిస్తాయి. పంచదార, నెయ్యి, జీడిపప్పు ఎవరైనా వేస్తారు. ఆ రేకు తీయడం మాత్రం అందరికీ రాదు. అది వచ్చిన ఆడవాళ్ళు కోనసీమలో ఆత్రేయపురంలోనూ, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్నారు. మనం పూతరేకుల మాటెత్తితే నెయ్యి మంచిదేనా, పెట్టె ఎంతకిచ్చారు అనే అడుగుతాం. ఆ మనిషి సంగతి ఎప్పుడూ అడగం.

మా ఆడపడుచుని అటువైపే ఇచ్చాం. ఆవిడ ధర్మమా అని ఓసారి దగ్గర కూచుని చూశాను. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పలచగా చేసుకుంటారు. మన అట్ల పిండి దాని ముందు ముద్దే! పొయ్యి మీద ప్రత్యేకంగా చేయించుకున్న కుండ బోర్లించి ఉంటుంది. లోపల ఎండు కొబ్బరాకులు మండుతుంటాయి. పిండిలో ముంచిన పలచటి గుడ్డను రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీద పరిచి అలా లాగేస్తారు. పూత పడీ పడగానే ఆరిపోతుంది. అంచు పట్టుకుని రేకు లేపేస్తారు. పూత, రేకు, పేరులోనే ఉంది అంతా.

చూడ్డానికి ఇంతే. సెగ కాస్త ఎక్కువైతే రేకు పెళుసెక్కి విరుగుతుంది, తక్కువైతే కుండనుంచి ఊడి రాదు. కొబ్బరాకేమో భగ్గున మండి చప్పున ఆరిపోయే సరుకు. అంచేత ఒక కన్ను మంట మీద, ఒక కన్ను గుడ్డ మీద ఉండాలి. నేను కూడా తీస్తానని కూచుంటే నా చేతికొచ్చినవి చిల్లుల జల్లెడలు. ఆవిడ నవ్వి, "కంగారు పడకండి, మాకూ ముందు అలాగే వచ్చేవండీ," అన్నారు.

ఈ పని ఎక్కువగా ఇళ్ళల్లోనే సాగుతుంది. పొద్దున్నే పిల్లల్ని బడికి పంపి, కూర పొయ్యి మీద పడేసి, ఆనక కుండ ముందు కూచుంటారు. అత్త కోడలికి నేర్పుతుంది, పక్కింటావిడ చూసి నేర్చుకుంటుంది. తీసిన రేకులు దొంతులుగా పేర్చి ఇస్తే, వాటిని తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లమో చల్లి మడతలు పెట్టేవాళ్ళు వేరే ఉంటారు. ఆ తరవాత పెట్టె, దుకాణం, బస్సు, ఈ రోజుల్లో విమానం కూడానూ. ఒక్క మిఠాయి చుట్టూ ఊరికి ఊరే అల్లుకుంది. పొలం లేని ఇల్లాలికి గడప దాటకుండా నాలుగు డబ్బులు చేతికొస్తున్నాయంటే అది చిన్న సంగతేం కాదు.

అయితే ఇందులో ఇంకో వైపు ఉంది. పొయ్యి సెగ ముఖానికి కొడుతుంది, పొగ కళ్ళల్లోకి పోతుంది, కూచున్న చోటునుంచి లేవడానికి లేదు. కూలి రేకుల లెక్కన. చిరిగిన రేకు లెక్కలోకి రాదు. ఒంట్లో బాగోలేని రోజు రాబడి లేదు. పైగా చూడండి, ఇప్పుడు డ్రైఫ్రూట్ పూతరేకులంటారు, చాక్లెట్ పూతరేకులంటారు. ధర పెరిగేదంతా లోపల పెట్టే వాటి పేరు మీదే. పైనున్న రేకు అదే, తీసే కష్టమూ అదే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన తిరుపతి లడ్డూకి ఉన్నట్టే నన్నమాట. దరఖాస్తు పెట్టింది సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న అక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం. మిఠాయికీ దొరగారికీ ఏమిటి సంబంధం అనుకోకండి. ఊరికి ఎగువన ధవళేశ్వరంలో 1852లో ఆయన ఆనకట్ట పూర్తి చేయబట్టే డెల్టాకి నిండుగా నీళ్ళందాయి, అంత వరీ పండింది. బియ్యం లేనిదే రేకెక్కడిది?

గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. కానీ ఆ కాగితం వల్ల కుండ ముందు కూచున్నావిడకి ఏమొస్తుందన్నదే నా ప్రశ్న. 1999 నాటి చట్టం ప్రకారం ఈ గుర్తింపు పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ పేరు అధికారికంగా వాడుకోవడానికి తయారీదారులు ఎవరికి వారు విడిగా పేరు నమోదు చేయించుకోవచ్చు. ఇక్కడే ఒక మెలిక ఉంది. చట్టంలో 'ఉత్పత్తిదారు' అంటే చేసేవాళ్ళే కాదు, ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్ళు కూడా. చదువూ తీరికా ఉన్న వ్యాపారి పేరు ముందుగా ఎక్కుతుంది, రేకు తీసే ఇల్లాలి పేరు మిగిలిపోతుంది. వ్యాపారి ఎక్కకూడదని కాదు, ఆయన లేకపోతే సరుకు ఊరు దాటదు. ఆవిడ పేరు కూడా ఉండాలంటున్నాను. ఊళ్ళల్లో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి కదా, పదిమందీ కలిసి వెళితే కాగితాల భయం సగం తగ్గుతుంది.

ఇది జరిగే పనేనా అంటారేమో. లిజ్జత్ అప్పడాలు మీ ఇంట్లోనూ వేయించే ఉంటారు. 1959 మార్చిలో బొంబాయి గిర్గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కూడా పని ఇంట్లోనే. పిండి ముద్ద తీసుకెళ్ళి, ఇంట్లో ఒత్తి, తెచ్చి ఇస్తారు. తేడా ఏమిటంటే ఒత్తే ప్రతి ఆవిడా అందులో యజమానే. లాభమూ నష్టమూ అందరిదీ. దానధర్మాలు పుచ్చుకోం అన్నది వాళ్ళ కట్టుబాటు. అప్పడానికి కుదిరింది రేకుకి కుదరదా?

ఆవిడ కూతురు కాలేజీలో చదువుతోంది. రేకు తీయడం వచ్చు, తీయనంటుంది. ఆ పిల్లని నేను తప్పు పట్టను. పొగ పోయే గొట్టమూ, నడుముకి ఆనుడూ, నెల తిరిగేసరికి ఇంత అని నమ్మకమైన రాబడీ ఉంటే అప్పుడు అడగాలి. అలా అడిగేవాళ్ళు లేకపోతే గుర్తింపు కాగితం గోడ మీదే ఉంటుంది, కుండ అటక ఎక్కుతుంది.

మనవంతుగా ఒక చిన్న పని చేయొచ్చు. కొనేచోట "రేకు ఎవరు తీశారండీ?" అని అడగడమే. నేను అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు, ఒకాయన మాత్రం ఆ ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్ళాడు.

అన్నట్టు, పెట్టె ఇంటికి తెచ్చాక చెమ్మ తగలనీయకండి. రేకు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోతుంది. మూత గట్టిగా బిగిసే పొడి డబ్బాలో పెట్టి, తీసేటప్పుడు చేతులు తుడుచుకుని తీయండి. అడుగున మిగిలిన పొడిని పారేయకుండా వేడి పాలల్లో వేసి పిల్లలకివ్వండి, ఎంచక్కా తాగేస్తారు.