బోరునీటి కాగితం

1952లో అనంతపురం ఓటర్లు జైలులో ఉన్న తరిమెల నాగిరెడ్డిని మద్రాసు శాసనసభకు ఎన్నుకొన్నారు. ఓడినవారు నీలం సంజీవరెడ్డి. అదే నాగిరెడ్డి 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆయనపై గౌరవమున్నా ఆ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలోనే జవాబు చెప్పవలసి ఉంటుంది. అనుబంధ ప్రశ్నలూ ఎదురవుతాయి. ఏయే ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో అలా అడగవచ్చు.

“కాచే తాగుతున్నాం డాక్టరుగారూ” అనేవారు నా రోగులు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. మొదట పిల్లల పళ్ళపై మచ్చలు, ఏళ్ళు గడిచాక బిగుసుకుపోయిన నడుము. దానిని తిరిగి వంచే మందు నా వద్ద ఎన్నడూ లేదు.

మీ శాసనసభ్యుడు ఊరికి వచ్చినప్పుడు పింఛను అర్జీతోపాటు మీ బోరునీటి పరీక్ష కాగితమూ ఆయన చేతికివ్వండి.